మాల తీశాక ఎక్కడికి వెళ్ళాలి?

మీరు మందు మానగలరు. ఇప్పటికే ఒకసారి మాని చూపించారు కూడా.

అయ్యప్ప మాల వేసుకున్న ఏడాది గుర్తు చేసుకోండి. లేదా కొండగట్టు అంజన్న మాల. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. అదే ఊరు, అదే వైన్స్, అవే అప్పులు, అదే డ్యూటీ. అయినా ముట్టలేదు. రంజాన్ నెలంతా దూరంగా ఉన్నవాళ్ళు మీలో ఉన్నారు. శ్రమల దినాలు నలభై రోజులూ నిష్ఠగా గడిపినవాళ్ళూ ఉన్నారు.

మరి మాల తీసిన సాయంత్రం ఏమైంది?

చాలామంది ఇక్కడే తమను తాము తిట్టుకుంటారు. "నాకు విల్ పవర్ లేదు" అని తీర్పు ఇచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. నలభై ఒకటో రోజు ఉన్న విల్ పవర్ నలభై రెండో రోజుకు ఎక్కడికి పోతుంది? ఆ రోజు మీ నుంచి పోయినవి వేరే ఉన్నాయి. లెక్కపెట్టండి. పొద్దున్నే లేపే టైమ్‌టేబుల్ పోయింది. సాయంత్రం భజన పోయింది. తప్పు చేస్తే పిలిచి అడిగే గురుస్వామి పోయాడు. దారిలో తెలియని మనిషి కూడా "స్వామీ" అని పలకరించే గౌరవం పోయింది. మీలాగే దీక్షలో ఉన్న పదిమంది పక్కన లేకుండా పోయారు. ఒక్క పూటలో ఇన్ని తీసేస్తే ఎవరైనా తూలతారు.

కాబట్టి మీకు కావాల్సింది ఇంకో ఒట్టు కాదు. పిల్లల మీద, తల్లి మీద వేసిన ఒట్లు చాలు. నలభై ఒక్క రోజులకు ముగిసిపోని ఒక గుంపు కావాలి. అలాంటి గుంపు ఉంది. దాన్నే సపోర్ట్ గ్రూప్ అంటారు. ప్రపంచంలో అన్నిటికంటే పెద్దది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు.

ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది

1935 మే నెల. అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే షేర్ల బ్రోకర్ ఒక హోటల్ లాబీలో నిలబడి ఉన్నాడు. బిజినెస్ దెబ్బతింది. చేతిలో డబ్బు లేదు. తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. లాబీకి ఒక పక్క బార్. ఇంకో పక్క టెలిఫోన్.

అతను ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. చర్చిల నంబర్లు చూసి ఫోన్ కలిపాడు. "నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే చెప్పండి, మాట్లాడాలి" అన్నదే అతని అభ్యర్థన. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆపరేషన్లు చేసే సర్జన్, తాగుడుతో కుంగిపోతున్న మనిషి. పావుగంట మాట్లాడితే ఎక్కువ అనుకుని కూర్చున్నాడు డాక్టర్. గంటల తరబడి మాట్లాడుకున్నారు. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10ని ఏఏ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. మన దేశంలో ఏఏ 1957లో ఢిల్లీలో మొదలైంది. ఇవాళ 180కి పైగా దేశాల్లో ఉంది.

ఈ కథలో మీరు పట్టుకోవాల్సిన పాయింట్ ఒకటుంది. బిల్ ఆ డాక్టర్‌ను బాగు చేయడానికి వెళ్ళలేదు. తాను తాగకుండా ఉండటానికి వెళ్ళాడు. ఎదుటివాడికి చెప్పుకుంటే తనకు బలం వస్తుందని అతనికి తెలిసింది. ఏఏ మీటింగ్ పనిచేసే సూత్రం ఇదే. అక్కడ లెక్చర్ ఇచ్చేవాడు, వినేవాడు అని తేడా లేదు. ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు.

ఇది నమ్మకం మీద నడిచే వ్యవహారం అని ఎవరైనా కొట్టిపారేస్తే ఈ లెక్క చెప్పండి. 2020లో కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మంది అనుభవాన్ని పరిశీలించింది. పేషెంట్లను కౌన్సెలర్లు ఏఏ వైపు నడిపించిన చోట, ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్ళు 42 శాతం. మిగతా చికిత్సలు తీసుకున్నవాళ్ళలో 35 శాతం. నూటికి నూరు మందికీ పనిచేస్తుందని ఎవరూ అనరు. కానీ ఖర్చు లేని పద్ధతి ఇంత ఫలితం ఇస్తోంది. వదులుకోవడానికి మీకు ఏ కారణమూ లేదు.

ఆగండి, ముందు డాక్టర్

ఈ భాగాన్ని దాటేయకండి. మిగతా వ్యాసం చదవకపోయినా ఇది చదవండి.

మీరు రోజూ తాగుతున్నారా? పొద్దున్నే చేతులు వణికి, ఒక గుక్క పడితే గాని కుదుటపడటం లేదా? అయితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మాల వేసుకోవడానికైనా సరే ఆపకండి. మొదట డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మద్యానికి అలవాటుపడ్డ మెదడుకు అది హఠాత్తుగా అందకపోతే మొదటి రోజే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, లేని మాటలు వినిపించవచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్ళు "గాలి సోకింది" అని తాయెత్తు కోసం పరుగెడితే ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్స్ మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి కేసులే వరసకట్టాయి.

కల్లు తాగేవాళ్ళు మరీ జాగ్రత్త. "కల్లే కదా, ఆరోగ్యమే" అనుకోకండి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, కాంపౌండ్‌లో సీసాలో పోసే కల్తీ కల్లు వేరు. కల్తీలో డైజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు పెంచగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు వణుకుతో, ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో జనం వచ్చారు. అందుకే డాక్టర్ దగ్గర మందు సంగతి ఒక్కటే చెప్పి కల్లు సంగతి దాచకండి. రోజుకు ఎన్ని సీసాలో కూడా చెప్పండి. ఆయన దాన్ని బట్టే మందులు రాస్తారు.

కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలో గాని, ఆదిలాబాద్ రిమ్స్‌లో గాని మానసిక వైద్య విభాగం ఎక్కడని అడిగి వెళ్ళండి. "పిచ్చి డాక్టర్" అన్న మాట మనసులోంచి తీసేయండి. మోకాలు నొస్తే ఎముకల డాక్టర్, తాగుడు వదలకపోతే ఈ డాక్టర్.

మీటింగ్‌లో ఏం జరుగుతుంది?

తెలియకపోవడం వల్లే సగం భయం. తెలుసుకుంటే పోతుంది.

ఒక గది. స్కూల్ కావచ్చు, చర్చి హాలు కావచ్చు. కుర్చీలు గుండ్రంగానో వరసగానో ఉంటాయి. గంట, గంటన్నర నడుస్తుంది. చిన్న ప్రార్థన, కాసేపు మౌనం, ఏఏ అంటే ఏమిటో చెప్పే నాలుగు వాక్యాలు చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి, తమ కథ చెబుతారు. ఎలా ఉండేవాళ్ళు, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉన్నారు. మధ్యలో ఎవరూ అడ్డురారు. సలహాలు గుప్పించరు. మీ వంతు వస్తే "ఇవాళ వింటాను" అని చెప్పి కూర్చోవచ్చు. ఎవరూ బలవంతం చేయరు.

ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది. గది అద్దెకు, చాయ్‌కి. వేస్తే వేయండి, లేకపోతే లేదు. సభ్యత్వానికి ఒకే ఒక్క అర్హత: తాగుడు మానాలన్న కోరిక. కులం అడగరు. పార్టీ అడగరు. ఇంటిపేరు కూడా అడగరు.

"ప్రార్థన అంటున్నారు, మరి నేను దేవుణ్ణి నమ్మను" అంటారా? గోదావరిఖని, మందమర్రి వైపు యూనియన్ జెండా పట్టుకుని పెరిగినవాళ్ళు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ఏఏ చెప్పే 12 మెట్లలో దేవుడి మాట ఉంది, నిజమే. కానీ మీరు అర్థం చేసుకున్న దేవుడు అనే అంటారు. ఆ గుంపునే మీకంటే పెద్ద శక్తి అనుకోండి. అదీ మింగుడుపడకపోతే స్మార్ట్ రికవరీ అని దేవుడి ప్రస్తావన లేని గ్రూపులు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గుంపు ముఖ్యం. ఏ గుంపన్నది మీ ఇష్టం.

ఇక అసలు భయానికి వద్దాం. "ఎవరైనా చూస్తే?"

చూడనివ్వండి! వైన్స్ ముందు లైన్లో నిలబడ్డప్పుడు ముఖానికి రుమాలు కట్టుకున్నారా? బెల్టు షాపు దగ్గర పడిపోయిన రోజు ఊరంతా చూడలేదా? మీరు తాగుతారని ఊరికి తెలుసు. మీరు మానుతున్నారని తెలిస్తే నష్టమేమిటి? పైగా అక్కడ కనిపించేవాళ్ళంతా మీ పనిమీదే వచ్చినవాళ్ళు. లోపల విన్నది బయట చెప్పకూడదన్నది అక్కడి నియమం. అనానిమస్ అన్న పేరు పెట్టుకున్నదే అందుకు.

ఎలా వెతకాలి?

1. 14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వ్యసన విముక్తికి ప్రత్యేకంగా 14446 కూడా ఉంది. మూడు ప్రశ్నలు అడగండి: దగ్గర్లో డాక్టర్ ఎక్కడ, డీ అడిక్షన్ సెంటర్ ఎక్కడ, గ్రూప్ ఎక్కడ?

2. ఏఏ ఇండియా ఆఫీసు ముంబైలో ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. మీటింగుల వివరాలు, హెల్ప్‌లైన్లు చూసుకోండి. మీ ఊరి పేరొక్కటే అడగకండి. కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖని, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ అన్నీ చెప్పి ఏది దగ్గరైతే అది అడగండి. రోజు, టైము, భాష కనుక్కోండి. బయలుదేరే ముందు ఇంకోసారి ఫోన్ చేయండి. గదులు మారుతుంటాయి.

3. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అయితే భార్యనో, తమ్ముణ్ణో తోడు తీసుకెళ్ళొచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే.

4. ఆన్‌లైన్ మీటింగులు. దుబాయ్‌లో, మస్కట్‌లో క్యాంపు గదిలో ఉన్న సిరిసిల్ల, జగిత్యాల తమ్ముళ్ళకు ఇదే దారి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. వీడియో ఆపేసి వినడంతో మొదలుపెట్టండి.

5. దగ్గర్లో ఏదీ లేదా? మీరే మొదలుపెట్టండి. తాగుడు మానడానికి ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే అదే గ్రూపు అని ఏఏ సంప్రదాయమే చెబుతోంది. ఉట్నూరులో అయినా, జైనూరులో అయినా ఒక స్కూలు గది, రెండు కుర్చీలు, వారానికి ఒక సాయంత్రం. బిల్, బాబ్ కూడా మొదట ఇద్దరే.

ఆదిలాబాద్ అడవి పల్లెలకు ఒక మాట. ఇప్పపువ్వు మీ సంస్కృతి, మీ దేవతల పువ్వు. దాన్ని వదలమని ఎవరూ అనరు. ఉట్నూరు ఆదివాసీ అక్కచెల్లెళ్ళు అదే పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అలాంటి బుర్ర ఉన్న చోట గ్రూప్ నడపడం కష్టమా?

"షాపులు మూసేస్తే నేనూ మానేస్తా" అని వాయిదా వేసేవాళ్ళున్నారు. ఎదురుచూడకండి. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పోరాటం సారాను గద్దె దించింది. 1995 జనవరి 16న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో పోయింది. మన పక్కనే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం ఉన్నా, మందు మాన్పించే ముక్తిపథ్ కార్యక్రమం ఊళ్ళలో శిబిరాలు, క్లినిక్‌లు నడపాల్సి వస్తోంది. నాకు ఆ పోరాటాల మీద ఎంతో గౌరవం. కానీ మీ మానడం సర్కారు జీవో మీద ఆధారపడకూడదు.

మొదటి సాయంత్రం ప్లాన్

పొద్దున్నుంచి తాగకుండా వెళ్ళడానికి ప్రయత్నించండి. డాక్టర్ మందులు మొదలుపెట్టాకే సుమా. కడుపునిండా తినండి. చివరి బస్సు టైము ముందే చూసుకోండి, లేకపోతే మనసు దాన్నే సాకు చేస్తుంది. పది నిమిషాలు ముందు చేరండి. తలుపు దగ్గర ఉన్నవాళ్ళతో "మొదటిసారి వచ్చాను" అనండి. ఆ రెండు మాటలు చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు.

వచ్చేటప్పుడు కనీసం ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. నా దృష్టిలో మీటింగ్ మొత్తంలో అసలైన సంపాదన ఇదే. రాత్రి పదింటికి గొంతు లాగినప్పుడు మీకు పుస్తకం పనికిరాదు, మనిషి కావాలి. కొన్నాళ్ళకు వాళ్ళలో ఒకరిని స్పాన్సర్‌గా ఉండమని అడగండి. మాలలో గురుస్వామి చేసిన పనే స్పాన్సర్ చేస్తాడు. కాకపోతే ఈయన ఏడాది పొడవునా ఉంటాడు.

ఒక్క మీటింగ్ చూసి "నాకు సెట్ కాదు" అనకండి. ఏఏలో పాతవాళ్ళు కొత్తవాళ్ళకు తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని చెబుతారు. మన జిల్లాల్లో రోజూ వెళ్ళడం అందరికీ కుదరదు. వారానికి ఒకటి నేరుగా, మిగతా రోజులు ఫోన్‌లో ఆన్‌లైన్‌గా. అలా లెక్క పూర్తి చేయండి. కొత్త అలవాటు పాతదానికంటే బలపడటానికి ఆ మాత్రం రిపిటిషన్ కావాలి.

మాటిమాటికీ మిమ్మల్ని మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆకలిగా ఉన్నానా? కోపంగా ఉన్నానా? ఒంటరిగా ఉన్నానా? అలసిపోయానా? సింగరేణిలో సెకండ్ షిఫ్ట్ దిగి వస్తున్నవాడికి ఒక్కోసారి నాలుగూ కలిసి వస్తాయి. ఇంటికి చేరే ఆ అరగంటకు ముందే ఏర్పాటు ఉండాలి: డబ్బాలో తినడానికి ఏదో ఒకటి, ఇంటికి వేరే దారి, చెవిలో ఫోన్.

దావత్‌లో ఏం చెప్పాలి?

మన దగ్గర పెళ్ళికీ మందే, పుట్టెంట్రుకలకూ మందే, చావుకూ మందే. కొత్త బండి కొన్నా తప్పదు. దోస్తులు చెడ్డవాళ్ళు కాదు. ప్రేమ చూపించడానికి వాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే. మీరు గట్టిగా, నవ్వుతూ, చిన్న మాటలో చెప్పాలి. పెద్ద వివరణ ఇస్తే వాదన మొదలవుతుంది. ఇవి అద్దం ముందు ప్రాక్టీస్ చేయండి:

"అన్నా, నేను బంద్ చేసిన. థమ్సప్ పోయ్."

"బావా, డాక్టర్ మందులు నడుస్తున్నయ్. ముట్టేది లేదు."

"తమ్మీ, ఇంకోసారి అడిగితే నేను లేచి పోతా."

మూడోది చెప్పాల్సి వస్తే నిజంగానే లేచి వచ్చేయండి. అందుకే సొంత బండి మీద వెళ్ళండి. మొదటి మూడు నెలలు అసలు దావత్‌లకే వెళ్ళకపోతే ఇంకా మంచిది. కట్నం చదివించండి, అక్షింతలు వేయండి, అన్నం తినండి, చీకటి పడేలోపు ఇంటికి రండి. నిజమైన సోపతి ఎవరో మూడు నెలల్లో తేలుతుంది.

ఇంట్లోవాళ్ళకు

అక్కా, అమ్మా, మీరు ఆయనకు తెలియకుండా కూరలో, చాయ్‌లో "మందు మాన్పించే మందు" కలపకండి. చాలామంది ప్రేమతోనే చేస్తారు. కానీ డైసల్ఫిరామ్ లాంటి మాత్ర కడుపులో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. ఆయనకు తెలిసి, డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సిన మందు అది. పసరు పోస్తామని బోర్డులు పెట్టుకున్న చోట్లకు అసలే వెళ్ళకండి. కొట్టి, గొలుసులు వేసి మాన్పిస్తామనే సెంటర్లకు పంపకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం గొలుసులు వేయడం నిషేధం.

మీకోసం కూడా ఒక గ్రూప్ ఉంది. అల్-అనాన్. తాగేవాళ్ళ కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైంది. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్ళొచ్చు. మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ బస్సు మీకు ఫ్రీ. వారానికి ఒక సాయంత్రం మీకోసం తీసుకోండి.

తాగే ఆడవాళ్ళకూ ఇదే మాట, మరింత ప్రేమతో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 43 శాతం, ఆడవాళ్ళలో దాదాపు 7 శాతం మద్యం తీసుకుంటున్నారు. పల్లెల్లో ఆడవాళ్ళు 9 శాతం. సిగ్గుతో మీరు మగవాళ్ళకంటే ఆలస్యంగా డాక్టర్ దగ్గరికి వస్తున్నారు. మహిళల కోసమే నడిచే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. అడిగి చేరండి.

జారితే?

కొందరు జారతారు. దసరాకో, మేడారం జాతరకో, ఊరికే ఒక మంగళవారమో. అప్పుడు "అంతా అయిపోయింది" అని సీసా ఖాళీ చేయకండి. గ్లాసు కింద పెట్టి స్పాన్సర్‌కు ఫోన్ చేయండి. తర్వాతి మీటింగ్‌కు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ వెలివేయరు, వాళ్ళలో చాలామంది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళే. ఎన్ని రోజులు మానారో ఆ రోజులన్నీ మీవే. వాటిలో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. జారిన రోజు ఏ టైముకు, ఎవరితో, ఏ మూడ్‌లో ఉన్నారో రాసుకోండి. వచ్చేసారి ఆ టైముకు మీరు ఇంకో చోట ఉండాలి.

ఇక జీవితమంతా మానాలి అన్న ఆలోచన పెట్టుకోకండి. అంత బరువు ఎవరూ మోయలేరు. ఈ రోజు పడుకునేదాకా తాగను. అంతే. రేపు పొద్దున లేచాక మళ్ళీ అదే నిర్ణయం.

ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకోండి. 14416. ఏ టైములో అయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. "మీటింగ్ ఎక్కడుంది?" అని అడగండి. ఈ వారమే వెళ్ళండి.